అమీర్‌పేట లినక్స్ సార్లకు: ఆ చుక్క గురించి ఒక అరగంట చెప్పండి

గౌరవనీయులైన సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

మీలో ఒకరి దగ్గర షెల్ స్క్రిప్టింగ్ (లినక్స్ కమాండ్లని ఫైల్లో రాసి నడిపించడం) నేర్చుకున్నవాణ్ని నేను. మైత్రీవనం వెనక సందు, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, పొద్దున ఏడింటి బ్యాచ్. ఫ్యాన్ కింద కుర్చీ దొరకాలని ఆరున్నరకే వచ్చి మెట్ల మీద కూర్చునేవాళ్లం. అప్పుడు నేర్చుకున్న పదిహేను ఇరవై కమాండ్లే ఇవాళ్టికీ నాకు అన్నం పెడుతున్నాయి. ఆ చనువుతోనే ఈ ఉత్తరం. కమాండ్ల పేర్లు మీరు క్లాసులో పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

సంగతి దశాంశ చుక్క గురించి: 12.75లో ఉండే ఆ చుక్క కొన్ని దేశాల సెట్టింగుల్లో కామా అయిపోయి మన స్క్రిప్టుల లెక్క తప్పిస్తుంది. ముందు జరిగింది చెబుతాను.

నేను ఇప్పుడు జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గర ఉంటున్నాను. హైదరాబాద్‌లో ఉండగా మా కంపెనీ గోడౌన్‌కి ఒక చిన్న స్క్రిప్ట్ రాశాను. గేటు దగ్గర లారీల కాటా ఉంటుంది. రోజు మొత్తం మీద ఏ గేటు నుంచి ఎన్ని టన్నులు, ఎన్ని లారీలు, లారీకి సగటున ఎంత అన్నది లెక్కకట్టి కాలమ్‌ల మధ్య కామాలుండే ఒక సీఎస్‌వీ ఫైల్లో రాసి పెడుతుంది. రాత్రి పూట క్రాన్‌లో, అంటే టైముకి దానంతటదే నడుస్తుంది. నాలుగేళ్లు నడిచింది. ఒక్క ఫోన్ రాలేదు.

ఒక రాత్రి డిస్క్ నిండిపోయి క్రాన్ జాబ్ ఆగిపోయింది. పొద్దున్నే ఇక్కడి కొలీగ్ ఒకతను డిస్క్ ఖాళీ చేసి, తన ల్యాప్‌టాప్ నుంచి హైదరాబాద్ సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) లాగిన్ అయి, స్క్రిప్ట్‌ని చేత్తో నడిపాడు. అతను చేసిన దాంట్లో తప్పేమీ లేదు. మధ్యాహ్నానికి ఫోన్: నిన్న ఏ గేటుకీ ఒక్క లారీ కూడా రాలేదని రిపోర్ట్ చెబుతోందట.

గేటు 2 సంగతి చూద్దాం. ఆ రోజు 612 టన్నులు, 48 లారీలు. సగటు 12.75. ఫైల్లో గేటు పేరు, సగటు, లారీల సంఖ్య అని మూడు కాలమ్‌లు ఉండాలి. తెరిచి చూస్తే ఆ వరుస ఇలా ఉంది:

గేటు2,12,00,48

12.75 కాస్తా 12,00 అయింది. ఆ కామా వల్ల మూడు కాలమ్‌లు నాలుగయ్యాయి. మూడో కాలమ్‌లో లారీల సంఖ్య కోసం చూసే రిపోర్ట్ ప్రోగ్రాముకి 00 కనిపించింది. దాని మానాన అది సున్నా లారీలు అని వేసేసింది.

నేను నా ల్యాప్‌టాప్ నుంచి లాగిన్ అయి అదే స్క్రిప్ట్ నడిపితే 12.75 వచ్చింది. అతను నడిపితే 12,00. అదే సర్వర్, అదే యూజర్, అదే ఫైల్. నేను నడిపితే ఒప్పు, అతను నడిపితే తప్పు. డాక్టర్ల విషయంలో హస్తవాసి అంటామే, స్క్రిప్టుకి కూడా హస్తవాసి ఉంటుందా అని ఆ పూటంతా జుట్టు పీక్కున్నాను.

చివరికి ఇద్దరి టెర్మినల్స్‌లోనూ ‘లొకేల్’ (భాష, అంకెలు, తేదీలు ఏ దేశపు పద్ధతిలో ఉండాలో చెప్పే సెట్టింగులు) అనే కమాండ్ కొట్టి పక్కపక్కన పెట్టి చూస్తే దొరికింది. అతని దాంట్లో భాష చెప్పే ‘లాంగ్’ అమెరికన్ ఇంగ్లిష్‌లోనే ఉంది, కానీ అంకెల పద్ధతి చెప్పే ‘ఎల్‌సీ_న్యూమరిక్’ జర్మన్‌లో ఉంది. ఉబుంటులో భాష ఇంగ్లిష్ అని, ఫార్మాట్లు మాత్రం జర్మనీవి అని ఎంచుకుంటే జరిగేది ఇదే. మెనూలు ఇంగ్లిష్, ఎర్రర్ మెసేజ్‌లు ఇంగ్లిష్, అంకెలు మాత్రం జర్మన్. పైకి చూసి పట్టుకోవడం చాలా కష్టం.

మరి అతని ల్యాప్‌టాప్ సెట్టింగ్ హైదరాబాద్ సర్వర్‌లోకి ఎలా వచ్చింది? ఇది నాకూ అప్పటిదాకా తెలియదు. డెబియన్, ఉబుంటుల్లో ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ కాన్ఫిగ్ ఫైల్లో ‘సెండ్‌ఎన్వ్’ అని ఒక లైను ఉంటుంది. ‘లాంగ్’నీ, ‘ఎల్‌సీ’తో మొదలయ్యే వేరియబుల్స్ అన్నిటినీ అవతలి సర్వర్‌కి పంపమని దాని అర్థం. సర్వర్ వైపు ‘యాక్సెప్ట్‌ఎన్వ్’ అని ఇంకో లైను వాటిని తీసుకుంటుంది. రెండూ డిఫాల్ట్‌గానే ఉంటాయి. అంటే మనిషి ఎక్కడ కూర్చుని లాగిన్ అయినా అతని దేశపు అంకెల పద్ధతి కూడా వెంట వస్తుంది. మా సర్వర్‌లో జర్మన్ లొకేల్ ఎవరో ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసి వదిలేశారు, కాబట్టి అది పనిచేసింది. అది లేకపోతే ‘సెట్‌లొకేల్... కెనాట్ చేంజ్ లొకేల్’ అని ఒక వార్నింగ్ వచ్చేది. ఆ వార్నింగ్ మనమందరం వందసార్లు చూశాం. ఒక్కసారైనా చదివామా?

ఇక స్క్రిప్ట్ లోపలికి వద్దాం. మీరు నేర్పిన జంటే: బీసీ అనే కాలిక్యులేటర్‌తో భాగహారం, అంకెల్ని కోరిన రూపంలో రాసే ప్రింట్‌ఎఫ్‌తో రౌండింగ్. స్క్రిప్టుని నడిపే షెల్ బ్యాష్‌కి దశాంశాల లెక్క రాదు కదా, పూర్ణాంకాలే వచ్చు. అందుకని బీసీకి ఇస్తాం. బీసీ రౌండ్ చేయదు, కోసేస్తుంది. ఒకటి కంటే చిన్న సంఖ్య వస్తే ముందు సున్నా కూడా వేయకుండా .75 అని ఊరుకుంటుంది. అందుకని నాలుగు దశాంశాల దాకా లెక్క చేయించి ప్రింట్‌ఎఫ్‌కి ‘పర్సెంట్ పాయింట్ టూ ఎఫ్’, అంటే రెండు దశాంశాలు చాలు అని చెబుతాం. చక్కటి జోడీ. ఇండియాలో కూర్చున్నంత కాలం కాపురం బాగానే సాగుతుంది.

చిక్కేమిటంటే బీసీకి లొకేల్‌తో పనిలేదు. ఏ దేశంలోనైనా చుక్కే పెడుతుంది. బ్యాష్‌లో ఉన్న ప్రింట్‌ఎఫ్ మాత్రం లొకేల్ ఏం చెబితే అది. జర్మన్ లొకేల్‌లో దానికి దశాంశ గుర్తు అంటే కామా. బీసీ ఇచ్చిన 12.7500 చేతికొస్తే 12 దాకా చదువుతుంది, చుక్క దగ్గర ఆగిపోతుంది, ‘ఇన్‌వాలిడ్ నంబర్’ అని ఒక ఎర్రర్ వేస్తుంది. అక్కడితో ఆగినా బాగుండేది. చదివిన ఆ 12నే తీసుకుని, జర్మన్ పద్ధతిలో 12,00 అని ప్రింట్ చేసి ముందుకు పోతుంది. లోపలికి తీసుకునేటప్పుడూ కామానే కావాలి, బయటికి ఇచ్చేటప్పుడూ కామానే ఇస్తుంది. పోనీ దాని కామా సంఖ్యని తిరిగి బీసీకి ఇస్తే బీసీ సింటాక్స్ ఎర్రర్ అంటుంది. అత్తాకోడళ్ల మధ్య మాటలు లేనప్పుడు మధ్యలో మనం నలిగినట్టు ఉంటుంది.

ఆ ఎర్రర్ నాకెందుకు కనబడలేదో చెబితే మీకు కొంచెం కోపం రావచ్చు. ఆ లైను చివర ఎర్రర్లన్నిటినీ ‘డెవ్ నల్’కి, అంటే ఏదేసినా మాయమైపోయే చోటికి, పంపేశాను. స్క్రీన్ నీట్‌గా ఉండాలంటే అలా చేయాలని నేర్చుకున్నది ఆ ఏడింటి బ్యాచ్‌లోనే. ఇంటర్వ్యూలో అవుట్‌పుట్ నీట్‌గా కనిపిస్తుందని చెప్పారు. నిజంగానే నీట్‌గా కనిపించింది.

సున్నా లారీల సంగతి వెంటనే బయటపడింది, ఎందుకంటే అది మరీ అడ్డగోలు తప్పు. నాకు ఇప్పటికీ గుండె గుభేల్‌మనిపించేది ఇంకొకటి. అదే స్క్రిప్ట్ ఇక్కడి బిల్లింగ్ వాళ్ల కోసం ఇంకో ఫైల్ రాస్తుంది. అందులో కాలమ్‌ల మధ్య కామా బదులు సెమీకోలన్. అక్కడ కాలమ్‌లు ఏమీ జరగలేదు. గేటు 2 సగటు 12,00 అని, లారీలు 48 అని శుభ్రంగా ఉంది. మన కంటికి 12,00 అంటే ఏదో తేడాగా కనిపిస్తుంది. కానీ చదివేవాడు జర్మన్. అతనికి 12,00 అంటే పన్నెండు టన్నులు, పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పద్ధతి. లారీకి ముప్పాతిక టన్ను చొప్పున 48 లారీలకు 36 టన్నులు మాయం. మొదటి ఫైల్ గొడవ రాకపోతే ఈ రెండోదాన్ని ఎవరూ తెరిచి చూసేవారు కూడా కాదు.

ఇది ఒక్క ప్రింట్‌ఎఫ్ జబ్బే అయితే ఇంత పెద్ద ఉత్తరం రాయను. సీక్ కమాండ్‌తో సున్నా నుంచి ఒకటి దాకా అరచొప్పున లెక్కపెట్టమంటే జర్మన్ లొకేల్‌లో 0,0 తర్వాత 0,5 తర్వాత 1,0 అని ఇస్తుంది. బ్యాష్‌లో ‘టైమ్’ అని పెట్టి ఏదైనా కమాండ్ నడిపితే సెకన్ల దగ్గర 0,003 అని చూపిస్తుంది. బ్యాష్ 5లో వచ్చిన ‘ఇపాక్ రియల్‌టైమ్’ వేరియబుల్‌లో కూడా సెకన్లకీ మైక్రోసెకన్లకీ మధ్య లొకేల్ గుర్తే ఉంటుంది, కాబట్టి రెండు సమయాల తేడా కోసం బీసీకి ఇస్తే మళ్లీ అదే సింటాక్స్ ఎర్రర్. కాలమ్‌లతో లెక్కలు చేసే ఆక్ సంగతి వేరు, అందులో రకాలున్నాయి. జీ‌ఆక్ మామూలుగా చుక్కనే వాడుతుంది, పోసిక్స్ (యూనిక్స్ ప్రమాణం) మోడ్‌లో పెడితేనో, దానికని ఉన్న ఆప్షన్ ఇస్తేనో లొకేల్ మాట వింటుంది. మిగతా ఆక్‌లు కూడా దానిలాగే ఉంటాయని మాత్రం అనుకోకండి.

అన్నిట్లోకీ నాకు భయం సార్ట్ అంటేనే. సంఖ్యలుగా చూడమని ‘మైనస్ ఎన్’ ఇచ్చి 1.5, 1.25, 10 అనే మూడు సంఖ్యల్ని వరుసలో పెట్టమనండి. మన దగ్గర 1.25, 1.5, 10 అని వస్తుంది. జర్మన్ లొకేల్‌లో చుక్క అంటే వేలను విడదీసే గుర్తు. మనం లక్షకి 1,00,000 అని కామాలు పెట్టినట్టు వాళ్లు 100.000 అని చుక్క పెడతారు. సార్ట్ ఆ గుర్తుని పట్టించుకోకుండా అంకెలు మాత్రమే చదువుతుంది. 1.5 దానికి పదిహేను, 1.25 నూట పాతిక. కాబట్టి పది ముందు, తర్వాత 1.5, చివర 1.25. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. అన్ని సంఖ్యలూ ఉన్నాయి, వరుస మాత్రమే తప్పు. ‘డీబగ్’ అనే ఆప్షన్ ఇస్తే దశాంశానికి ఏ గుర్తు వాడుతుందో కొత్త వెర్షన్లలో చెబుతుంది. అనుమానం వచ్చినవాడికి కదా ఆ ఆప్షన్ గుర్తొచ్చేది.

జర్మన్లదే తప్పని నేను అనను. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్, పోలండ్, రష్యా, బ్రెజిల్, ఇండోనేషియా, అందరిదీ కామానే. తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ 2003లో జరిగిన 22వ సమావేశంలో దశాంశ గుర్తు చుక్కయినా సరే, కామా అయినా సరే అని తీర్మానించింది. రెండూ సమానమే. జర్మన్ పిల్లలు బళ్లో 12.75ని ‘పన్నెండు కొమ్మా ఏడు ఐదు’ అన్న అర్థం వచ్చేట్టు చదువుతారు. కామాని వాళ్లు కొమ్మా అనే పలుకుతారు. మా అబ్బాయి మొదట్లో ఇంటికొచ్చి ఈ కొమ్మ ఏ చెట్టుదని అడిగాడు.

లినక్స్ చేస్తున్నది కూడా పాపమేమీ కాదు. 1989 నాటి సీ భాష ప్రమాణంలోనే లొకేల్ ఉంది. ప్రోగ్రామ్ మొదలైనప్పుడు అది సీ లొకేల్‌లో, అంటే చుక్కతోనే ఉంటుంది. యూజర్ లొకేల్ కావాలని ప్రోగ్రామే అడిగితే అప్పుడు మారుతుంది. బ్యాష్, సార్ట్, సీక్ అడుగుతాయి. బీసీ చుక్క దగ్గరే ఆగిపోయింది. మనిషికి చూపించే అంకెలు మనిషి అలవాటులో ఉండాలన్నది మంచి ఆలోచనే. మన దేశపు లొకేల్ పెట్టి, ప్రింట్‌ఎఫ్‌లో పర్సెంట్ పక్కన ఒక సింగిల్ కోట్ వేసి 12345678 ఇచ్చి చూడండి, 1,23,45,678 అని కోట్లు, లక్షల లెక్కలో వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. షెల్‌లో ఇబ్బంది ఏమిటంటే మనిషికి చూపించే అవుట్‌పుట్టూ, పక్క ప్రోగ్రాముకి పైప్‌లో పంపే అవుట్‌పుట్టూ ఒకటే. ఒక కమాండ్ మనిషి కోసం వేసిన కామా ఇంకో కమాండ్ గొంతులో ముల్లులా అడ్డం పడుతుంది.

అమీర్‌పేటలో ఇది ఎప్పటికీ బయటపడదు సార్. ఇండియన్ ఇంగ్లిష్ లొకేల్‌లో చుక్క, అమెరికన్‌లో చుక్క, తెలుగు లొకేల్‌లో చుక్క. డాకర్ కంటెయినర్లలో (ప్రోగ్రాముని విడిగా నడిపే పెట్టెలు) చాలావాటికి అసలు లొకేలే సెట్ చేసి ఉండదు కాబట్టి అక్కడా చుక్క. ఆల్పైన్ అనే చిన్న లినక్స్ ఇమేజ్ అయితే అది వాడే మజిల్ లైబ్రరీకి చుక్క తప్ప ఇంకొకటి తెలియదు. ల్యాబ్‌లో అన్ని టెస్టులూ పాస్. సర్టిఫికెట్ చేతికి. ఆ తర్వాత పిల్లాడు ఎంఎస్‌కని జర్మనీ వస్తాడు, ఇక్కడ కొన్న ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకుంటాడు, ఇన్‌స్టాలర్ ఊరు అడిగితే బెర్లిన్ అని నొక్కుతాడు. మీరిచ్చిన ప్రాక్టీస్ స్క్రిప్టులు అక్కడ నడపగానే ఇన్‌వాలిడ్ నంబర్. అప్పుడు వాడు మిమ్మల్ని తిట్టుకోడు, తనకే రాదనుకుంటాడు. అదే నాకు బాధ.

మందు ఏమిటో మీకు తెలుసు: స్క్రిప్ట్ పైన, లొకేల్ సెట్టింగులన్నిటినీ ఒకేసారి మార్చే ఎల్‌సీ_ఆల్‌ని సీ అని ఎక్స్‌పోర్ట్ చేయడం. నేనూ మొదట అదే చేశాను. లారీల స్క్రిప్ట్ బాగుపడింది. ఆ హుషారులో నా స్క్రిప్టులన్నిటి పైనా అదే లైను అతికించాను. అక్కడ ఇంకో దెబ్బ తగిలింది.

ఇక్కడి మన తెలుగువాళ్ల ఉగాది ఫంక్షన్‌కి పేర్ల బ్యాడ్జీలు నా స్క్రిప్టే తయారుచేస్తుంది. పేరు పొడవు ఒక హద్దు దాటితే అక్షరాల సైజు తగ్గిస్తుంది. ఆ సంవత్సరం అన్ని బ్యాడ్జీల మీదా పేర్లు చీమల్లా వచ్చాయి. భూతద్దం కూడా ఇస్తారా అని పెద్దాయన ఒకరు అడిగారు. సంగతేమిటంటే సీ లొకేల్‌లో బ్యాష్ పొడవుని బైట్లలో లెక్కపెడుతుంది. ‘తెలుగు’ అనే మాట తీసుకోండి. మన కంటికి మూడు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి ఆరు, యూటీఎఫ్-8 లొకేల్‌లో బ్యాష్ చెప్పేది అదే. సీ లొకేల్ పెడితే 18 అంటుంది, ఒక్కొక్కటి మూడు బైట్లు కదా. పేరేదైనా మూడింతలు పొడుగైపోయింది.

చుక్కా కావాలి, తెలుగూ కావాలి అంటే ‘సీ డాట్ యూటీఎఫ్-8’ అనే లొకేల్ ఉంది. డెబియన్‌లో ముందు నుంచీ ఉంది, 2022లో వచ్చిన గ్లిబ్‌సీ (లినక్స్ మూల లైబ్రరీ) 2.35తో అందరికీ వచ్చింది. ఎల్‌సీ_ఆల్‌కి అది ఇస్తే అంకెలు చుక్కతోనే ఉంటాయి, ‘తెలుగు’ పొడవు ఆరుగానే ఉంటుంది. కొంతమంది ఎల్‌సీ_న్యూమరిక్ ఒక్కదాన్నే సీ చేసి సరిపెడతారు. అదీ మంచిదే కానీ, నడిపే మనిషి టెర్మినల్‌లో ఎల్‌సీ_ఆల్ ముందే సెట్ అయి ఉంటే మన ఎల్‌సీ_న్యూమరిక్‌ని పట్టించుకునే నాథుడు ఉండడు. అన్నిటి కన్నా ఎల్‌సీ_ఆల్ పెద్ద, దాని తర్వాత విడివిడి ఎల్‌సీలు, అవేవీ లేకపోతేనే లాంగ్. ఈ మూడు మెట్లు బోర్డు మీద రాసి చూపిస్తే చాలు, సగం గందరగోళం పోతుంది.

మనిషి కోసం కామా కావాలంటే చివర, స్క్రీన్ మీద చూపించే ఆ ఒక్క లైనుకి మాత్రం లొకేల్ మార్చుకోవచ్చు. వంటింట్లో గ్రాముల్లో తూచుకుని, వడ్డించేటప్పుడు ఎవరి కంచంలో వాళ్లకి పెట్టినట్టు.

ఇప్పుడు నా మనవి. షెల్ స్క్రిప్టింగ్ కోర్సులో ‘ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్’ క్లాసు ఒకటి ఉంటుంది. పాత్, హోమ్, షెల్, యూజర్ అని చెప్పి లాంగ్ దగ్గర ‘ఇది భాష కోసం’ అని ఒక్క ముక్కలో దాటేస్తారు. ఆ క్లాసులో ఒక అరగంట దీనికి ఇవ్వండి. ల్యాబ్ మెషీన్లలో ఒకదాంట్లో జర్మన్ లొకేల్ పెట్టించండి. ఉబుంటు అయితే ‘లొకేల్ జెన్’ ఒక్క కమాండ్, రెడ్‌హ్యాట్ అయితే గ్లిబ్‌సీ జర్మన్ ల్యాంగ్‌ప్యాక్ ఒక్క ప్యాకేజీ. తర్వాత పిల్లల చేత వాళ్లు రాసిన స్క్రిప్టునే దాని మీద నడిపించండి. థియరీ ఏమీ చెప్పనక్కర్లేదు. 12.75 వాళ్ల కళ్ల ముందే 12,00 అయితే ఆ తర్వాత ప్రశ్నలు వాళ్లే అడుగుతారు.

ఎర్రర్లని డెవ్ నల్‌కి పంపే అలవాటు కూడా అదే రోజు మాన్పించగలిగితే మీకు పుణ్యం ఉంటుంది.

సంక్రాంతికి హైదరాబాద్ వస్తున్నాను. ఏడింటి బ్యాచ్ ఇంకా నడుస్తుంటే, ఒక రోజు ఆ అరగంట నాకిచ్చినా సంతోషమే. జర్మన్ సెట్టింగులున్న ల్యాప్‌టాప్ నేనే తెస్తాను. ఫ్యాన్ కింద కుర్చీ కూడా అడగను.

ఇట్లు,
మీ పాత స్టూడెంట్